పారిస్ కోర్టుకెక్కిన కరువు: విక్టర్ క్రావ్‌చెంకో కథ

1949 జనవరి. పారిస్‌లో ఒక పరువునష్టం దావా మొదలైంది. వేసినవాడు విక్టర్ క్రావ్‌చెంకో, ఒకప్పటి సోవియట్ అధికారి.

ఈయన 1905లో ఉక్రెయిన్‌లో పుట్టాడు. ఇంజినీరు, కమ్యూనిస్టు పార్టీ మనిషి. 1932-33లో అక్కడి పల్లెల్ని కరువు మింగేసింది. వానల్లేక కాదండీ, సేకరణ పేరుతో సర్కారు గింజల్ని ఊడ్చుకుపోయింది. లక్షలమంది ఆకలితో చచ్చిపోయారు. పంట పనులు చూడమని పార్టీ ఈయన్ని ఆ ఊళ్లకే పంపింది. అంతా కళ్లారా చూసి కూడా ఇంకో పదేళ్లు పార్టీలోనే ఉన్నాడు. తప్పుపట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి, ఆ రోజుల్లో అక్కడ నోరు తెరిచినవాడు ఇంటికి తిరిగొచ్చేవాడా?

1943లో వాషింగ్టన్ పంపారు. యుద్ధానికి కావాల్సిన సరుకులు అమెరికా నుంచి తెప్పించే సోవియట్ ఆఫీసులో ఉద్యోగం. 1944 ఏప్రిల్‌లో అందులోంచి బయటికొచ్చేశాడు. అప్పుడు రెండు దేశాలూ హిట్లర్ మీద ఒకే జట్టు కదా, అప్పగించమని మాస్కో పట్టుబట్టింది. అమెరికా ఇవ్వలేదు. 1946లో తన కథంతా పుస్తకంగా తెచ్చాడు.

ఫ్రాన్స్‌లో కమ్యూనిస్టుల వారపత్రిక ఒకటి, 'ఇది ఇతను రాసింది కాదు, అమెరికా గూఢచారులు రాయించింది' అని వేసింది. దావా దాని మీదే.

పత్రిక వైపు నోబెల్ గ్రహీత జోలియో-క్యూరీ నిలబడ్డాడు. మాస్కో నుంచి క్రావ్‌చెంకో మాజీ భార్యనే సాక్షిగా తెచ్చారు. మరి ఈయన వైపు? యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయి, శరణార్థి శిబిరాల్లో తలదాచుకుంటున్న రైతులు, కూలీలు. తమ ఊళ్లో ఆకలి ఎలా ఉండేదో ఒక్కొక్కరే బోనెక్కి చెప్పారు.

ఇంకో సాక్షి మార్గరెటె బూబర్-నోయ్‌మన్. జర్మన్ కమ్యూనిస్టు. హిట్లర్ నుంచి తప్పించుకుని మాస్కో చేరితే, 1937లో ఆమె భర్తను స్టాలిన్ పోలీసులే పట్టుకెళ్లి చంపేశారు. ఆమెను కజకిస్తాన్ శిబిరంలో పడేశారు. 1940లో వాళ్లే తీసుకెళ్లి నాజీల చేతికి అప్పగించారు! అక్కడ్నుంచి ఐదేళ్లు రావెన్స్‌బ్రూక్ శిబిరం. ఇలాంటి మనిషిని పట్టుకుని అమెరికా చెప్పించిందని ఎవరనగలరు? ఆమె మాటలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

1949 ఏప్రిల్‌లో క్రావ్‌చెంకో గెలిచాడు. పరిహారాన్ని పై కోర్టు నామమాత్రం చేసింది, గెలుపు మాత్రం నిలిచింది. 1966లో న్యూయార్క్‌లో తుపాకీ గుండుతో చనిపోయాడు, ఆత్మహత్య అన్నారు.

ఆ కరువు నిజమేనని ఉక్రెయిన్ పార్టీ నాయకుడు షెర్‌బిత్‌స్కీ పైకి ఒప్పుకున్నది 1987 డిసెంబరులో. అప్పటికి క్రావ్‌చెంకో పోయి 21 ఏళ్లు.