మొరిగే కుక్క అడుగుతున్నది దూరం

[తెర మీద: రోడ్డు పక్కన లీష్‌తో, అంటే పట్టుకునే తాడుతో, కుక్క. బైక్ దగ్గరికొస్తుంది. కుక్క ఎగిరెగిరి మొరుగుతుంది. బైక్ దాటి వెళ్ళిపోతుంది. కుక్క ఒళ్ళు దులుపుకుంటుంది. దృశ్యం అక్కడ ఆగుతుంది.]

ఇప్పుడు జరిగినదాన్ని కుక్క వైపు నుంచి చూద్దాం. పెద్ద చప్పుడు చేస్తూ ఏదో మీదికొచ్చింది. కుక్క గట్టిగా మొరిగింది. వచ్చింది కాస్తా పారిపోయింది. బైక్ ఎలాగూ వెళ్ళిపోయేదేనని మనకు తెలుసు, కుక్కకు తెలియదు. దాని లెక్కలో మొరగడం పనిచేసింది. రోజుకు ఇరవై బైకులు పోతే ఇరవై సార్లూ పనిచేసింది. ఇంత బాగా ఫలితమిచ్చే పనిని ఎవరు మాత్రం మానేస్తారు?

పోస్ట్ ఇచ్చి వెళ్ళే మనిషి విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఆయన పని అయిపోయి వెళ్తాడు, కుక్కేమో తానే తరిమేశాననుకుంటుంది.

"మా కుక్కకు పొగరెక్కువండీ" అని ఎవరైనా అంటే నేను అడిగే ప్రశ్న ఒకటే. మొరగకముందు అది ఏం చేసింది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. శబ్దం వచ్చాకే కదా మనం కుక్క వైపు చూసేది.

[క్లోజప్‌లు ఒకదాని వెంట ఒకటి: నోరు, కన్ను, చెవులు, తోక.]

మొరగడానికి ముందే అది చాలా చెబుతుంది. తినడానికి ఏమీ లేకపోయినా మూతి నాకుతుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. తల తిప్పుకుని కంటి చివరి నుంచి చూస్తుంది, అప్పుడు కంటి తెలుపు నెలవంకలా కనిపిస్తుంది. చెవులు వెనక్కి అంటుకుంటాయి, తోక కాళ్ళ మధ్యకు పోతుంది. వీటిలో ఏ ఒక్కటో కనిపించినంత మాత్రాన భయమని చెప్పలేం. రెండు మూడు కలిసొస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు. అన్నింటికంటే ప్రమాదకరమైనది కదలకుండా బిగుసుకుపోవడం. నోరు మూసి, ఒళ్ళు కర్రలా చేసి ఒకేవైపు చూస్తోందంటే మీ చేతిలో ఉన్న సమయం ఒకటి రెండు సెకన్లే.

అన్నట్టు, "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను నమ్మి ఎవరూ చెయ్యి చాపకండి. మొరగడమంటే హెచ్చరిక. హెచ్చరికను లెక్కచేయకపోతే మొరిగిన కుక్కే కరుస్తుంది.

అసలు ఇంత భయం ఎక్కడి నుంచి వస్తుంది? కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక కిటికీ తెరుచుకుని ఉంటుంది. ఆ వయసులో నెమ్మదిగా పరిచయమైన మనుషులూ చప్పుళ్ళూ దానికి మామూలైపోతాయి. ఆ వారాలు ఒక మూలన, ఏమీ చూడకుండా గడిస్తే లోకమంతా కొత్తే. పుట్టుకతో వచ్చే పిరికితనం కూడా ఉంటుంది. ఎప్పుడో తగిలిన దెబ్బ కారణం కావచ్చు, ఏ దెబ్బా తగలకపోయినా భయపడవచ్చు. ట్రాఫిక్ సంగతికొస్తే చెవులు కూడా లెక్కలోకి వస్తాయి. శబ్దం ఎంత కీచుగా ఉంటే దాని హెర్ట్జ్ అంకె అంత ఎక్కువ. మనకు వినిపించేది సుమారు 20,000 హెర్ట్జ్ దాకానే. కుక్కకు 45,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. బ్రేకు కీచుమన్నప్పుడు మనం విన్నదీ అది విన్నదీ ఒకటి కాదు.

[నేను, కుర్చీలో. పక్కన నిద్రపోతున్న కుక్క.]

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఇది మా ఇంటికొచ్చేసరికి ఏడాదిన్నర వయసు. వాహనమంటే వణుకు. అలవాటైతే అదే పోతుందనుకుని రోజూ తీసుకెళ్ళి రద్దీ రోడ్డు పక్కన కూర్చోబెట్టాను. మొదట్లో గింజుకుంది, తర్వాత మొరిగింది, మూడో వారానికి చడీచప్పుడూ లేకుండా కూర్చుంది. నయమైపోయిందని సంబరపడ్డాను. చికెన్ ముక్క ముక్కు దగ్గర పెడితే కళ్ళు కూడా తిప్పలేదు. అప్పుడు అర్థమైంది, అది నెమ్మదించలేదు, చేతులెత్తేసింది. ఎంత అరిచినా ఎవరూ వినరని తెలిసినవాళ్ళు మౌనంగా ఉండిపోతారు చూడండి, అలాగ. ఆ మూడు వారాల నష్టం పూడ్చడానికి నాకు నెలలు పట్టింది.

మరి చేయాల్సింది ఏమిటి? కుక్కల గురించి కాకుండా ఒక పిల్లాడి గురించి చెబుతాను. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం ప్రచురించారు. పీటర్ అనే చిన్న పిల్లాడికి కుందేలంటే హడల్. పిల్లాడు ఇష్టమైనది తింటూ ఉండగా, పంజరంలోని కుందేలును గదిలో దూరంగా పెట్టారు. వాడు తినడం ఆపనంత దూరంలో. తర్వాత తర్వాత కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడు ఆ కుందేలును తానే నిమిరాడు. భయపడే కుక్కతో ఈరోజు మంచి ట్రైనర్లు చేసేది కూడా, వివరాలు పక్కన పెడితే, ఇదే.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది దూరం.

[నేల మీద సుద్దతో గీసిన గీత. గీతకు అవతల నిలిపి ఉన్న కారు.]

ప్రతి కుక్కకూ కంటికి కనపడని ఒక గీత ఉంటుంది. గీతకు ఇవతల ఉంటే వాహనాన్ని చూస్తుంది, చెవులు లేపుతుంది, అయినా మీ మాట వింటుంది, ట్రీట్, అంటే బహుమతిగా ఇచ్చే తిండి ముక్క, తింటుంది. గీత దాటితే మెదడు నేర్చుకునే స్థితిలో ఉండదు. కొన్ని కుక్కలకు అది ఇరవై అడుగులు, కొన్నింటికి రెండు వందలు. దీన్ని కొలవడానికి పరికరాలేం అక్కర్లేదు, మీ వేళ్ళు చాలు. మామూలుగా పెదవులతో సుతారంగా అందుకునే కుక్క, వేళ్ళకు పళ్ళు తగిలేలా లాక్కుంటోందంటే గీత దగ్గర పడింది. అసలు తినడమే మానేస్తే దాటేశారు. వెనక్కి రండి.

పైగా ఆ గీత రోజూ ఒకే చోట ఉండదు. పొద్దున ఇంటికి చుట్టాలొచ్చారు, మధ్యాహ్నం ఉరిమింది, సాయంత్రం మీరు బయటికి తీసుకెళ్ళారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. నిన్న యాభై అడుగుల్లో ఓర్చుకున్న బైక్‌ను ఈరోజు వంద అడుగుల్లో కూడా ఓర్చుకోదు. అలాంటి రోజు నడక మానేయండి. ఇంట్లో ట్రీట్లు దాచి వాసన పట్టి వెతుక్కోమనండి. ఒకటి రెండు రోజులు బయటికి వెళ్ళకపోతే కొంప మునిగిపోదు.

రెండోది వరస. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వాహనం ముందు, ట్రీట్ తర్వాత. కుక్క వాహనాన్ని చూడాలి, ఆ మరుక్షణం ముక్క రావాలి. వాహనం కనపడినంతసేపూ ఒక్కొక్క ముక్కే వస్తూ ఉండాలి. అది కనుమరుగవగానే ట్రీట్లు కూడా ఆగాలి. వరస తిరగబడితే, అంటే మీరు చెయ్యి సంచిలో పెట్టిన ప్రతిసారీ లారీ వస్తుంటే, మీ సంచి చప్పుడుకే కుక్క బెదరడం మొదలవుతుంది! రోజూ పెట్టే పొడి మేత ఈ పనికి చాలదు. ఉడికించిన చికెన్ లాంటిది, గోరంత ముక్కలుగా. అది ఇంకెప్పుడూ దొరకకూడదు, వాహనం కనపడినప్పుడే దొరకాలి.

[దూరంగా రోడ్డు. కుక్క చూస్తుంది. వెనక్కి తిరిగి నా ముఖం వైపు చూస్తుంది.]

ఇదిగో, ఈ చూపు. వాహనాన్ని చూసి, "ఏదీ నా ముక్క?" అన్నట్టు అదే మీ వైపు తిరుగుతుంది. ఈ చూపు వరసగా చాలాసార్లు వచ్చాకే కొంచెం ముందుకు జరగండి. వాహనాల వేగం, సైజు, సంఖ్య, మీ దూరం. వీటిలో ఒకసారికి ఒక్కటే మార్చాలి. దగ్గరికి వెళ్తే ఖాళీగా ఉన్న వేళ చూసుకుని వెళ్ళండి. పది నిమిషాలు మించవద్దు, బాగా జరుగుతుండగానే ఇంటికి తీసుకొచ్చేయండి. ఇంకొక్క వాహనం చూసి వెళ్దామన్న ఆశే కొంప ముంచుతుంది.

మనుషులకొస్తే ఒక చిక్కుంది, వాహనం చెయ్యి చాపదు, మనుషులు చాపుతారు. "నాకు కుక్కలంటే ప్రాణం, నన్నేం చేయదు" అంటూ మీదికొచ్చేవాళ్ళకు మొహమాటం లేకుండా వద్దని చెప్పడం నేర్చుకోవాలి. వాళ్ళకు చెలగాటం, దానికి ప్రాణసంకటం. కొత్తవాళ్ళ చేతి నుంచి ట్రీట్ ఇప్పించడం కూడా నాకు ఇష్టం ఉండదు. ఆశ కొద్దీ కుక్క దగ్గరికి వెళ్తుంది, ముక్క మింగాక చూసుకుంటే భయపెట్టే మనిషి ముఖం అర అడుగు దూరంలో ఉంటుంది. కరవడాలు అక్కడే జరుగుతాయి. ఇవ్వాలనుకుంటే ఆ మనిషి పక్కకు తిరిగి నిలబడి, కుక్క వెనక్కి పడేలా విసరాలి. అప్పుడు ముక్కా దొరుకుతుంది, దూరమూ దొరుకుతుంది. ఇంటికి ఎవరైనా వస్తే దాన్ని వేరే గదిలో ఉంచడం తప్పేమీ కాదు.

ఎంత జాగ్రత్తపడ్డా మలుపులో ఎవరో ఎదురుపడతారు. అందుకని ఇంట్లోనే, ఏ హడావుడీ లేనప్పుడు, "పద" అనగానే మీతోపాటు వెనక్కి తిరగడం ఆటలా నేర్పండి. అవసరమైనప్పుడు ఆ మాట అని తిరిగి నడవడమే. నిలిపి ఉన్న కారు చాటుకు వెళ్ళినా సరే. లీష్ బిగించి లాగకండి, బిగువు నేరుగా కుక్క ఒంట్లోకి పాకుతుంది. భయపడ్డ కుక్క వెనక్కి జరిగి మెడ పట్టీలోంచి తల లాగేసుకుంటుంది. కాబట్టి ఛాతీకి సరిగ్గా పట్టే హార్నెస్ వేసి, దాన్నీ మెడ పట్టీనీ కూడా లీష్‌కు కలపండి. కరిచే ప్రమాదం ఉంటే మజిల్, అదే చిక్కం, అలవాటు చేయండి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్ట రకమే వాడాలి.

భయపడుతున్నప్పుడు నిమిరితే భయం పెరుగుతుందని చాలామంది అంటారు. భయం బహుమతి కోసం చేసే పని కాదు. అది మీ కాళ్ళ దగ్గరికి వస్తే నిమరండి, మెల్లగా మాట్లాడండి.

భయాన్ని పెంచేది దెబ్బ. షాక్ కాలర్, ముళ్ళ కాలర్, గట్టి గుంజుడు వీటితో మొరగడం ఆగవచ్చు. బైక్ వచ్చినప్పుడల్లా నొప్పి వచ్చిందని కుక్క లెక్క కట్టుకుంటుంది, భయం రెట్టింపవుతుంది. గుర్రుమన్నందుకు తిడితే గుర్రుమనడం మానేస్తుంది, ఆ తర్వాత హెచ్చరిక లేకుండా కరుస్తుంది. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో ఇచ్చిన ప్రకటనలో ప్రవర్తన సమస్యలున్న కుక్కలకు కూడా బహుమతులతో నేర్పే పద్ధతులే వాడాలని చెప్పింది.

ఉన్నట్టుండి మారిన కుక్కను మాత్రం ముందు వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. చెవి పోటు, పంటి నొప్పి, కీళ్ళ నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఓర్పు తగ్గుతుంది. ఎంత దూరం వెళ్ళినా తినలేనంత భయముంటే మందులు కూడా ఉన్నాయి. ఫ్లూయాక్సెటిన్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మందు పడిందంటే మీరు ఓడిపోయారని కాదు, నేర్చుకునేంత తెరిపి కుక్కకు దొరికిందని. మన మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి.

ఇక రేపటికి ఒక్క పని. ట్రీట్లు వద్దు, శిక్షణ వద్దు. ఒక కాగితం, పెన్ను తీసుకెళ్ళండి. వాహనం ఎంత దూరంలో ఉండగా చెవులు లేచాయి? ఎంత దూరంలో నోరు మూసుకుంది? రెండు అంకెలూ రాసుకుని, మూడోది తెలుసుకోవాల్సిన పని పడకముందే వెనక్కి తిరిగి వచ్చేయండి.

[ముగింపు దృశ్యం: కాగితం మీద రెండు అంకెలు. పక్కన ఖాళీ.]