పాయిన్‌సెట్టియా: సంక్రాంతి దాటాక కుండీ పారేయకండి

అందరికీ నమస్కారం. క్రిస్మస్‌కి కొన్న ఎర్రాకుల మొక్క సంక్రాంతి దాటాక బోడిదైపోతే, చచ్చిపోయిందనుకుని చాలామంది పారేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మెక్సికోలో అది నిలువెత్తు దాటి పెరిగే పొద. ఆకులు రాల్చి కొన్నాళ్లు ఊరుకోవడం దాని స్వభావం.

ఫిబ్రవరి చివర్లో కొమ్మలను నాలుగైదు అంగుళాలు ఉంచి కత్తిరించండి. కొత్త కొమ్మలు వస్తాయి, కటింగ్‌కు, అంటే కొమ్మ ముక్క నాటి కొత్త మొక్క చేయడానికి, అవే కావాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో తీస్తే వాడిపోతాయి. తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక మొదలుపెట్టండి.

కొమ్మ చివర నాలుగు నుంచి ఆరు అంగుళాలు, కణుపుకు కాస్త కిందుగా, పదునైన బ్లేడుతో కోయండి. కోసిన చోట తెల్లటి పాలు బొటబొటా కారతాయి. మన కాడజెముడూ ఇదీ ఒకే యుఫోర్బియా జాతి. వెంటనే నీళ్లలో ముంచితే పాలు ఆగిపోతాయి. ఆ పాలు కంట్లో పడితే మంట, కాబట్టి చేతులు కడుక్కునేదాకా కళ్లు నులుముకోకండి. కింది ఆకులు తీసేసి, పైన రెండు మూడు ఉంచండి. వేర్లు పట్టడానికి వాడే రూటింగ్ హార్మోన్ పొడి ఉంటే అద్దండి. కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) సగం ఇసుక కలిపి గుచ్చి, కవరు కప్పి, వెలుతురున్న నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాల్లో వేర్లు పడతాయి. ఈలోపు పీకి చూడొద్దు. నీళ్లు ఎక్కువైతే కాడ మొదలు నల్లబడి కుళ్లిపోతుంది. నేను చూసినంతలో కటింగ్‌లు పోయేది ఎక్కువగా దీనివల్లే.

విత్తనం వద్దు, కొమ్మే నాటమని ఎందుకంటానో చెప్తాను. నర్సరీ మొక్కలు గుబురుగా ఉండటానికి కారణం వాటిలో ఉండే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. అమెరికా శాస్త్రవేత్తలు 1997లో ఈ సంగతి తేల్చారు. అది కొమ్మతో పాటు వస్తుంది, విత్తనంతో రాదు. ఎంత చక్కటి సంగతో చూడండి! అయితే నర్సరీవాళ్లు మొక్క పొట్టిగా ఉండేందుకు మందు కూడా వాడతారు, మనకది అక్కర్లేదు. ఆగస్టు చివరిదాకా చిగుళ్లు తుంచుతూ ఉంటే చాలు.

ఇక రంగు సంగతి. దీనికి పొడుగాటి చీకటి రాత్రులు కావాలి. చాలామంది టెన్షన్ పడి రోజూ అట్టపెట్టె బోర్లిస్తుంటారు. మన దగ్గర అక్టోబర్ నుంచి రాత్రులు వాటంతటవే పొడుగవుతాయి. ఆరుబయట చీకట్లో ఉన్న మొక్క ఏమీ కప్పకుండానే ఎర్రబడుతుంది. చెడగొట్టేది వీధి దీపం, బాల్కనీ ఎల్‌ఈడీ. కుండీని ఆ వెలుతురు పడని మూలకు జరపండి. అలాంటి చోటు లేనివాళ్లు మాత్రం సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా పెట్టె కప్పి, రంగు బాగా తిరిగాక మానేయండి.

ఇప్పుడు ఈ బల్ల మీదున్న మొక్క నుంచే ఒక కటింగ్ తీసి చూపిస్తాను. వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి.