చూసినందుకు పోయిన ఉద్యోగం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ సార్‌కి, లెక్చరర్లకి, పొద్దున్నే ఆదోని నుంచి, డోన్ నుంచి బస్సులెక్కి కర్నూలు వచ్చిన పిల్లలకి, ఇందాక మైకు సరిచేసి పెట్టిన తమ్ముడికి కూడా. ఈరోజు సెప్టెంబర్ 15, విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం ఒకప్పుడు మన కర్నూలు జిల్లాలోదే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. కాబట్టి ఇంజనీర్ల దినోత్సవం చేసుకునే హక్కు అందరికంటే మనకే కొంచెం ఎక్కువ అని నా నమ్మకం.

నన్ను నెట్‌వర్కింగ్‌లో ఉద్యోగావకాశాల మీద మాట్లాడమన్నారు. మాట్లాడతా. కానీ ముందు ఒక ఉద్యోగం ఎట్లా పోయిందో చెప్పాలి.

మన జిల్లాలోనే ఒక ఆఫీసు, పేరు వద్దు. అక్కడ కాంట్రాక్టు మీద చేసే ఒక పిల్లోడు, మీలాగే డిప్లొమా చదివినవాడు. ఒక మధ్యాహ్నం కౌంటర్లు స్లోగా ఉన్నాయని ఫోనొస్తే రూటర్లోకి, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌ని బయటి నెట్‌వర్క్‌లతో కలిపే పెట్టెలోకి, లాగిన్ అయి ఒక షో కమాండ్ కొట్టాడు. షో అంటే మీకు తెలుసు కదా, ఏ రూట్లున్నాయి, అంటే డేటా పోయే దారులేవి, ఏ లింకు పడిపోయింది అని చూడటం, అంతే. ఒక్క సెట్టింగ్ మారదు. మొదటి పేజీ వచ్చి కింద 'మోర్' అని ఆగింది. ఇంతలో ఇంకో ఫోను. మాట్లాడి వచ్చి తర్వాతి పేజీ కోసం స్పేస్ బార్ నొక్కాడు. రూటర్ పడిపోయింది. కౌంటర్లన్నీ ఆగిపోయాయి, క్యూలో జనం గొడవ, పైనుంచి ఫోన్లు, ఒకటే టెన్షన్. కాసేపటికి రూటర్ తనంతట తనే లేచింది గానీ, సాయంత్రానికి ఒక నోట్ తయారైంది. అనుమతి లేకుండా కమాండ్ ఇచ్చి నెట్‌వర్క్‌కు అంతరాయం కలిగించాడని. తర్వాత కాంట్రాక్టు రెన్యూవల్ చేయలేదు.

ఎందుకు పడిపోయిందో చెప్తా, వెనక బెంచీ వాళ్లు కూడా వినండి. రూటర్ మెమరీలో రూట్ల పట్టిక ఉంటుంది. షో కమాండ్ ఒక ఎంట్రీ చూపించి, అక్కడి అడ్రస్ పట్టుకుని తర్వాతి ఎంట్రీకి పోతుంది. 'మోర్' దగ్గర ఆగినప్పుడు తర్వాత ఎక్కడికి పోవాలో ఆ అడ్రస్ దాని దగ్గరే ఉంటుంది. కమాండ్ ఆగింది గానీ రూటర్ ఆగదు కదా. ఆ లోపల అవతలి లింకు పోయి ఆ రూటు తీసేశారనుకోండి, ఆ మెమరీ ఖాళీ అయి ఇంకో పనికి పోతుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వేరేవాళ్లు దిగిన ఇంటికి పాత అడ్రస్ పట్టుకుని పోయినట్టు ఉంటుంది అప్పుడు. అక్కడ ఏముందో అదే తర్వాతి అడ్రస్ అనుకుని లేనిచోటికి పోతుంది. దాన్నే బస్ ఎర్రర్ అంటారు, దాంతో రీలోడ్, అంటే రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది.

ఆ ఆఫీసులోది ఏ కంపెనీ రూటరో మనకు అనవసరం, ఈ జబ్బు ఒక్కరిది కాదు. మీరు ల్యాబులో నేర్చుకునే సిస్కో పాత ఐఓఎస్‌నే, అంటే వాళ్ల రూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి, అందులో ప్రాసెస్‌లన్నీ, అంటే లోపల నడిచే పనులన్నీ ఒకే మెమరీని వాడుకుంటాయి, ఒకటి తప్పుచోట చెయ్యిపెడితే మొత్తం రూటరే రీలోడ్ అవుతుంది. జూనోస్, ఐఓఎస్ ఎక్స్‌ఆర్ లాంటి వేరే రూటర్ సాఫ్ట్‌వేర్లలో ప్రాసెస్‌లకు వేర్వేరు మెమరీ, పడిన ప్రాసెస్ ఒక్కటే మళ్లీ లేస్తుంది. అయితే పడింది రూటింగ్ ప్రాసెస్సే అయితే పక్క రూటర్లతో రూట్లు ఇచ్చిపుచ్చుకునే సెషన్లు తెగే ప్రమాదం అక్కడా ఉంది. ఒక ఎంట్రీని ఎవరైనా చూస్తున్నప్పుడు, వాళ్లు చూడటం అయ్యేదాకా ఆ మెమరీని వదలకూడదు. ఆ జాగ్రత్త ప్రోగ్రామ్ రాసినవాళ్లు తీసుకోవాలి. వాళ్లు తీసుకోలేదు, శిక్ష స్పేస్ బార్ నొక్కినవాడికి పడింది.

ఇదంతా నా ఊహ కాదు. తర్వాత ఆ రూటర్ చూడమని నన్నే పిలిచారు. షో వెర్షన్ కొడితే చివరిసారి ఎందుకు రీలోడ్ అయిందో చెప్తుంది, బస్ ఎర్రర్ అనే ఉంది. రీలోడ్ అయినా చెరగని ఫ్లాష్ మెమరీలో, పడిపోయినప్పటి వివరాలు రాసుకునే క్రాష్‌ఇన్ఫో ఫైలు అట్లే ఉంది, ఎవరూ తెరవలేదు! రూటర్ కంపెనీ సపోర్ట్‌కి పంపితే, ఇది మాకు తెలిసిన బగ్గే, అంటే సాఫ్ట్‌వేర్ లోపమే, తర్వాతి వెర్షన్‌లో సరిచేశాం అని జవాబొచ్చింది. తెలిసిన బగ్గు అండీ. ఆ పిల్లోడికి తప్ప అందరికీ తెలిసే అవకాశం ఉన్న బగ్గు.

2021 అక్టోబర్ 4 గుర్తుందా మీకు? రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్ ఆగిపోయాయి, దాదాపు ఆరు గంటలు. ఫేస్‌బుక్ వాళ్లు మామూలు మెయింటెనెన్స్‌లో, తమ బ్యాక్‌బోన్‌లో, అంటే తమ డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్‌లో, ఎంత కెపాసిటీ ఉందో చూద్దామని ఇచ్చిన కమాండ్ మొత్తం బ్యాక్‌బోన్ లింకుల్ని పడేసింది. అట్లాంటి కమాండ్లను ముందే పరీక్షించి ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్గుండి ఆపలేదు. మర్నాడు ఆ కంపెనీ అదే బయటికి రాసింది, టూల్‌లో బగ్గని. కమాండ్ కొట్టిన మనిషి పేరు రాయలేదు. అంత పెద్ద కంపెనీ చేయగలిగినప్పుడు మన ఆఫీసులు ఎందుకు చేయలేవు? సార్, మిమ్మల్నే అడుగుతున్నా, వేదిక మీద ఆఫీసర్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

పిల్లలూ, మీరు రేపు ఇట్లాంటి పనిలోకే పోతారు. పెద్ద అవుట్‌పుట్ వచ్చే షో కమాండ్ కొట్టేముందు టెర్మినల్ లెంగ్త్ జీరో అనే కమాండ్ పెట్టండి, 'మోర్' దగ్గర ఆగకుండా వచ్చేస్తుంది, స్క్రీన్ మీద వచ్చేదంతా ఫైల్లో దాచే సెషన్ లాగ్ ఆన్ చేసుకుని తర్వాత తీరిగ్గా చదువుకోండి. రూటర్ పడిపోతే కంగారులో పవర్ తీయొద్దు, అప్పుడది క్రాష్‌ఇన్ఫో రాసుకుంటూ ఉండొచ్చు. లాగులు, అంటే రూటర్ రాసుకునే సంఘటనల రికార్డులు, వాటిని దాచే వేరే కంప్యూటర్‌కి, ఒక సిస్‌లాగ్ సర్వర్‌కి పోయేట్టు చూడండి, రూటర్ సొంత మెమరీ బఫర్‌లో ఉన్నవి రీలోడ్‌తో పోతాయి. ఇవన్నీ రూటర్ కోసం ఎంతో, రేపు మీ మీద నోట్ రాస్తే చూపించడానికీ అంతే.

ఉద్యోగావకాశాల స్లైడ్లు ప్రిన్సిపాల్ సార్‌కి ఇచ్చాను, గ్రూపులో పెడతారు. తలుపు దగ్గర టేబుల్ మీద ఒక అర్జీ ఉంది, ఆ నోట్‌లో కారణం సాఫ్ట్‌వేర్ లోపమని సవరించాలి, ఆ పిల్లోణ్ని మళ్లీ పనిలోకి తీసుకోవాలి అని. క్రాష్‌ఇన్ఫో ఫైలు, సపోర్ట్ వాళ్ల జవాబు రెండూ జతచేశా. ముందు అవి చదవండి, నమ్మకం కుదిరితేనే సంతకం పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి తీసుకుపోతున్నాం, రాగలిగినవాళ్లు రండి.