రోళ్ళపాడు గడ్డినేల: చదవడం, కాపాడటం

సభకు నమస్కారం.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్ళపాడు అభయారణ్యం ఉంది. పేరులో అరణ్యం ఉన్నా, అక్కడ కాసేపు నీడన నిలబడాలంటే చెట్టు వెతుక్కోవాలి. ఉన్నదంతా 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డి, అక్కడక్కడ తుమ్మ, రేగు, తంగేడు. బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట ఇప్పుడు ఏళ్ల తరబడి అక్కడ నిలకడగా కనిపించడం లేదు. కృష్ణజింకలు మాత్రం చుట్టుపక్కల రైతులకు తలనొప్పి అయ్యేంతగా పెరిగాయి. నేల అదే, కాపలా అదే. ఒకటి పోయి ఇంకొకటి ఎందుకు పెరిగింది? దానికి జవాబు గడ్డిలోనే ఉంది కాబట్టి ముందు గడ్డి సంగతి చూద్దాం.

చెట్టుకు చిగురు కొమ్మ చివర వస్తుంది. గడ్డికి పెరిగే మొన మొదట్లో, మట్టిని ఆనుకుని ఉంటుంది. అందుకే గొర్రె పైఆకు కొరికినా, నిప్పు పైన తగలబెట్టినా దుబ్బు మళ్లీ లేస్తుంది. అలాగని ఎంత మేపినా ఫరవాలేదని కాదు. కొరికిన ప్రతిసారీ వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతోనే అది మళ్లీ ఆకు తొడగాలి. జూన్, జూలై వానలకు లేత ఆకు వస్తున్నప్పుడు రోజూ అదే దుబ్బును కొరికితే నిల్వ ఖాళీ అవుతుంది, వేరు కురచబడుతుంది, మరుసటి వేసవి దాటదు. ఆకులో సగం మేపి సగం వదలాలనడానికి కారణం ఇదే. కోసుకునేటప్పుడు కూడా నేల నుంచి నాలుగైదు అంగుళాల మోడు ఉంచాలి. చాలామంది కొడవలిని మట్టికి ఆనించి కోస్తారు. ఆ ఏడు మోపు బరువుగానే ఉంటుంది, రెండేళ్లకు అక్కడ నేల బయటపడుతుంది.

ఏ నేలను ఎలా వాడారో అక్కడి గడ్డిని చూసి చెప్పవచ్చు. దక్కను నేలల్లో సహజంగా ఉండేవి సెహీమా, డైకాంథియం జాతుల బహువార్షిక గడ్డి. దుబ్బుగా పెరుగుతాయి, పశువులకు ఇష్టం. ఇష్టం కాబట్టే ముందు పోయేవీ అవే. వాటి తర్వాత ఈటెగడ్డి వస్తుంది. దాని గింజ మొన సూదిలా ఉంటుంది, వెనక పొడవాటి తోక ఉంటుంది. తేమ తగిలితే తోక మెలిక విప్పుకుంటుంది, ఎండితే మళ్లీ మెలిక పడుతుంది. అలా తిరుగుతూ గింజను వడ్రంగి బర్మాలా మట్టిలోకి దింపుతుంది. గొర్రె ఉన్నిలో చిక్కుకున్నా అదే పని చేసి చర్మంలో దిగుతుంది. పూత రాకముందు ఇది మంచి మేత, గింజ పట్టాక మందకు బెడద. ఇంకా మేపితే మిగిలేది చీపురుగడ్డి. తీగలా గట్టిగా ఉండి పశువు మూతి పెట్టదు. అదీ పోయాక వయ్యారిభామ దిగుతుంది. ఒక బీడులో చీపురుగడ్డి తప్ప మరేదీ లేదంటే అక్కడ కనీసం రెండు మెట్లు దిగజారినట్టు లెక్క. దుబ్బుల నడుమ ఇంకా సెహీమా కనిపిస్తుంటే మాత్రం విత్తనం చల్లాల్సిన పనే లేదు, ఒకటి రెండు వానాకాలాలు మేపు ఆపితే చాలు.

ఇక జంతువుల సంగతి. ఒక్కోదానికి ఒక్కో ఎత్తు గడ్డి కావాలి. బట్టమేకపిట్ట మగది మీటరు ఎత్తుంటుంది, పది కిలోలు దాటి తూగుతుంది. ఆడపిట్టను పిలవడానికి మెడసంచి ఉబ్బించి నిలబడినప్పుడు దూరానికి కనిపించాలి కాబట్టి దానికి పొట్టి గడ్డి కావాలి. ఆడది ఉత్త నేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెట్టి సుమారు నాలుగు వారాలు పొదుగుతుంది, దానికి చాటు కావాలి. పిల్లకు మిడతలు, పేడపురుగులు కావాలి. పెద్దవి పక్కనున్న మెట్ట చేలల్లోకీ వెళ్లి తింటాయి. కజక్‌స్థాన్ వైపు నుంచి చలికాలానికి వచ్చే పిల్లిగద్దలు రాత్రిళ్లు చెట్టెక్కవు, ఏపుగా పెరిగిన గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. రోళ్ళపాడు ఒకప్పుడు వాటి పెద్ద బసల్లో ఒకటి. కృష్ణజింకకు లేత పొట్టి గడ్డి ఉంటే చాలు, అది లేకపోతే పక్క చేను. కౌజు, పూరేడు, తీతువు, గుంటనక్క, రక్తపింజర, వీటన్నిటికీ ఎగుడుదిగుడు గడ్డే ఇల్లు.

అందువల్ల ఆరు చదరపు కిలోమీటర్లకు కంచె వేస్తే బట్టమేకపిట్ట బతకదు. అది గడ్డినేల, జొన్న, కొర్ర, సజ్జ చేలు కలిసిన విశాలమైన మెట్టలో తిరిగే పక్షి. కాలువ నీళ్లు వచ్చి చుట్టూ పత్తి, ఇతర వాణిజ్య పంటలు పెరిగాక మందులు కొట్టారు, పురుగులు తగ్గాయి, బయట తిరిగే చోటు పోయింది. లోపల మేపు ఆగి కొన్నిచోట్ల గడ్డి మరీ ఎత్తయింది. జింక పత్తి చేనైనా తిని బతుకుతుంది, ఈ పిట్టకు ఆ వెసులుబాటు లేదు. దీనికి తోడు కరెంటు తీగలు. దాని కళ్లు తల పక్కలకు ఉంటాయి, ఎదురుగా చూపు తక్కువ. బరువైన ఒంటితో తీగ దగ్గరపడ్డాక చప్పున తిరగలేదు. ఇప్పుడు దేశంలో మిగిలినవి 150 కంటే తక్కువని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే.

మన దస్తావేజుల్లో ఈ నేలల పేరు బంజరు, పోరంబోకు, తెలంగాణలో గైరాన్, కంచ. హైదరాబాదు పక్కన కంచ గచ్చిబౌలి పేరులోని 'కంచ' మేత బీడును చెప్పే మాటే. రెవెన్యూకు పన్ను రాని నేల కాబట్టి పనికిరానిది అనుకున్నారు. తర్వాత అడవుల శాఖ దాన్ని పాడైపోయిన అడవి అనుకుని గుంతలు తీసి మొక్కలు నాటింది. రెండూ పొరపాటే. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో గడ్డి మేసే జంతువుల ఎముకలు వేల ఏళ్ల పొరల్లో దొరికాయి. మనిషి చెట్లు కొట్టేయక ముందు నుంచే ఇక్కడ బయలు గడ్డినేల ఉందన్నమాట.

మొక్కలు నాటడంలో పెద్ద దెబ్బ సర్కారు తుమ్మ. జమైకా నుంచి తెప్పించిన దాని విత్తనం 1877లో కడప జిల్లా కమలాపురంలో వేశారు, వంటచెరకు కోసం. కాయ తీపిగా ఉంటుంది, పశువు తింటుంది, గింజ పేడలో చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. దీన్ని నేలమట్టంగా కొడితే ఒక్క మానుకు బదులు నాలుగైదు పిలకలు లేస్తాయి. తొలి వాన పడి మట్టి మెత్తబడ్డాక మొదలు చుట్టూ తవ్వి, పిలక మొగ్గలున్న భాగాన్ని, అంటే అడుగు లోతు వరకు వేరును తీసేయాలి. తర్వాత కనీసం మూడు వానాకాలాలు మొలకలు పీకుతూ ఉండాలి. యంత్రంతో బోసి చేసి వదిలేస్తే నెలన్నరలో వయ్యారిభామ ఆక్రమిస్తుంది. అందుకని తీసిన చోట వెంటనే గడ్డి పడాలి.

సెహీమా, డైకాంథియం గింజ అక్టోబరు, నవంబరుల్లో పక్వానికి వస్తుంది. పక్క ఊరి గట్ల మీద, గుడి మాన్యాల్లో మిగిలిన దుబ్బుల నుంచే సేకరించడం మేలు. కొత్త గింజ వెంటనే సరిగా మొలవదు, కొన్ని నెలల నిద్ర ఉంటుంది. గోనెసంచిలో ఆరబెట్టి ఉంచి వచ్చే జూన్‌లో చల్లాలి. పొట్టుతో ఉన్న గింజ తేలిక, గాలికి ఎగిరిపోతుంది, చీమలు మోసుకెళ్తాయి. ఒక పాలు గింజ, ఒక పాలు పేడ, మూడు పాళ్లు బంకమట్టి, ఒక పాలు ఇసుక కలిపి శనగగింజంత ఉండలు చేసి నీడన ఆరబెట్టాలి. హెక్టారుకు ఐదారు కిలోల గింజ చాలు. ఎక్కువ విఫలమయ్యేది లోతు వల్ల: నాగలితో దున్ని రెండు అంగుళాల కింద పడేస్తే ఒక్కటీ పైకి రాదు. నేలను గొర్రుతో గీరి, పైన చల్లి, ముళ్లకంపను ఒకసారి లాగితే సరిపోతుంది.

మొదటి ఏడు మేపు పూర్తిగా ఆపాలి. ఇక్కడే చాలా పథకాలు పడిపోతాయి, ఎందుకంటే ఆ ఏడు మంద ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించరు. బీడును మూడు ముక్కలు చేసి ఏటా కొత్తగా ఒకటే మూయాలి, కాపరులతో ముందే కూర్చుని ఏ ముక్క ఎప్పుడు తెరుస్తామో ఖాయం చేసుకోవాలి. రెండో ఏడు గింజ రాలాక, డిసెంబరు నుంచి మందను వదలవచ్చు. గిట్టలు గింజను మట్టిలోకి తొక్కుతాయి, పెంటిక ఎరువవుతుంది. పని సాగుతోందో లేదో తెలుసుకోవడానికి మీటరు పొడవు, మీటరు వెడల్పు కర్రచట్రం ఒకటి చాలు. పదిచోట్ల పడేసి, అందులో సెహీమా, డైకాంథియం దుబ్బులు ఎన్ని, చీపురుగడ్డి దుబ్బులు ఎన్ని, బోడి నేల ఎంత, ఏటా నవంబరులో అవే చోట్ల లెక్కరాసుకోవాలి. బోడి నేల తగ్గకపోతే మేపు తెరవడాన్ని ఇంకో ఏడు వాయిదా వేయాలి.