కారు అందం పోయింది నిబంధనల వల్లేనా?

నమస్కారం అండీ. 2025 నవంబరులో టాటా వాళ్లు సియెరాని మళ్లీ తీసుకొచ్చారు. ఆ ఫోటోలు రాగానే అందరూ వెతికింది ఒక్కటే: వెనక అద్దం ఎలా ఉంది?

1991లో వచ్చిన మొదటి సియెరా మీలో ఎంతమందికి గుర్తుందో తెలీదు. మూడే తలుపులు. వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. డీజిల్ ఇంజన్, బాగా చప్పుడు. వెనక పక్క అద్దాలు మాత్రం పైకప్పు వైపు వంపు తిరిగి ఉండేవి. మధ్యలో కమ్మీ లేదు, అతుకు లేదు. ఆ అద్దం కిందికి దిగదు కూడా. ఎండలో వెనక కూర్చున్నవాడి సంగతి మీరే ఊహించుకోండి. అయినా ఇన్నేళ్ల తర్వాత కంపెనీ ఆ బండి పేరుని మళ్లీ బయటికి తీసిందంటే, జనానికి గుర్తున్నది ఆ అద్దమే. కొత్త సియెరాలో అంత వంపు అద్దం పెట్టలేదు. నల్లటి ప్యానెల్స్ కలిపి ఆ ఆకారాన్ని తలపించేలా చేశారు.

ఇప్పుడు రోడ్డు మీద తిరిగే ఎస్‌యూవీల్లో 2055 దాకా గుర్తుండే అద్దం ఒకటి చెప్పండి చూద్దాం. అద్దం వద్దులెండి, లోగో తీసేసి పక్క నుంచి చూపిస్తే పేరు చెప్పగలిగేవి ఎన్ని?

నాకు పాత కార్లంటేనే ఇష్టం. ఈ వీడియో దాని గురించే. కానీ ముందు ఒక మాట తేల్చేద్దాం. "పాత కార్ల రేకు మందం సార్, గుద్దితే అవతల బండే పోతుంది" అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది తప్పు. రేకు నలగకపోతే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? లోపల కూర్చున్నవాళ్లకే తగులుతుంది. పాత బండ్లలో స్టీరింగ్ రాడ్డు నేరుగా డ్రైవర్ గుండె వైపు ఉండేది. ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ లేదు, చాలా వాటిలో బెల్టు కూడా లేదు. మన దేశంలో కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019లో. ముందు సీట్లు రెండిటికీ ఎయిర్‌బ్యాగ్‌లు తప్పనిసరి అయింది ఆ తర్వాత. పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాలంటే నేనూ కొత్త కారే తీస్తాను. ఇందులో వాదన లేదు.

నా వాదన వేరే. కార్లన్నీ ఒకేలా ఎందుకున్నాయి అని అడిగితే డిజైనర్లు, కంపెనీలు వెంటనే చూపించేది నిబంధనల్నే. "సేఫ్టీ రూల్స్ సార్, మేమేం చేస్తాం?" అంటారు. అందులో సగం నిజం ఉంది. ఆ సగం ముందు చూద్దాం.

పాత కార్ల బానెట్ కిందికి ఉండేది, ఇప్పుడు ఎత్తుగా ఎందుకుంది? రోడ్డు దాటే మనిషిని కారు గుద్దితే అతని తల బానెట్ మీద పడుతుంది. బానెట్ రేకుకి, లోపలున్న ఇంజన్‌కి మధ్య ఖాళీ ఉంటే రేకు లోపలికి అణిగి తలకి దెబ్బ తగ్గుతుంది. ఆ ఖాళీ కోసం బానెట్ లేపారు. బానెట్ లేచింది కాబట్టి కిటికీల కింది గీత కూడా లేచింది. ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాలు లావయ్యాయి, ఎందుకంటే కారు బోల్తా పడితే పైకప్పు బరువు మోయాలి. కొన్ని బండ్లలో పక్క కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ కూడా అక్కడే మడిచి పెడతారు. పాత ఫియట్‌లో కూర్చుంటే చుట్టూ అద్దమే కనిపించేది. ఇప్పటి కార్లో మలుపు దగ్గర ఆ స్తంభం వెనక ఒక స్కూటర్ మొత్తం దాక్కుంటుంది. కెమెరాలు, సెన్సార్లు వచ్చింది కొంత ఇందుకే. అయినా ఈ మార్పు ప్రాణాలు కాపాడుతోంది కాబట్టి దీన్ని నేను తప్పు పట్టను.

రెండోది మన దేశానికే ప్రత్యేకం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏంటి? పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోల్ ఇంజన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. అంతే, కంపెనీలన్నీ కొలత టేపు పట్టుకుని కూర్చున్నాయి. 2008లో వచ్చిన మొదటి మారుతి డిజైర్ పొడవు 4.16 మీటర్లు. 2012లో వచ్చిన రెండోది 3,995 మిల్లీమీటర్లు. తగ్గిందంతా ఎక్కడ తగ్గింది? ఎక్కువగా డిక్కీలోనే. పక్క నుంచి చూస్తే వెనక కత్తిరించేసినట్టే ఉంటుంది. ఆ 4 మీటర్ల గీత ఇప్పటికీ చెరగలేదు. 2025 సెప్టెంబరు నుంచి ఆ కొలతల లోపు ఉన్న పెట్రోల్, డీజిల్ బండికి జీఎస్టీ 18 శాతం, దాటినదానికి 40 శాతం. ఇంత తేడా ఉంటే ఏ డిజైనర్ మాత్రం 5 సెంటీమీటర్లు ఎక్కువ గీస్తాడు?

సరే, తప్పంతా 4 మీటర్లదే అనుకుందామా? అయితే స్క్రీన్ మీద ఈ బండి చూడండి. ప్రీమియర్ పద్మిని. మనం ఫియట్ అనే పిలిచాం. ముంబై కుర్లాలో తయారయ్యేది. అసలు బండి ఇటలీ వాళ్ల ఫియట్ 1100. మన దగ్గర 1964 నుంచి ఈ ఆకారంలో వచ్చింది, 70ల్లో పద్మిని అని పేరు పెట్టారు. ముందు బానెట్, మధ్యలో మనుషులు, వెనక డిక్కీ. మూడూ విడివిడిగా, దేని లెక్కన అది. వెనక మడ్‌గార్డుల మీద చిన్న రెక్కలు. దీని పొడవెంతో తెలుసా? 3.93 మీటర్లు. ఇవాళ వస్తే ఇదీ చిన్న కారే!

మరి దీనికి కుదిరింది ఇప్పటివాటికి ఎందుకు కుదరలేదు? పద్మిని వెడల్పు ఒకటిన్నర మీటరు లోపే. మనుషులు కాస్త సర్దుకుని కూర్చోవాలి. ముందు చక్రాలు బాగా ముందుకి ఉంటాయి, ఇంజన్ వాటి వెనక నిలువుగా ఉంటుంది, వెనక చక్రాలు లాగుతాయి. అందుకే ముందు చక్రాలు దాటి బండి ముక్కులా పొడుచుకురాదు. ఇప్పటి కార్లో ఇంజన్ అడ్డంగా, ముందు చక్రాల దగ్గరే పెడతారు. లోపల కాళ్లకి చోటు మిగులుతుంది. దానికోసం బానెట్ పొట్టిగా, పొట్ట పెద్దగా అవుతుంది. అంటే పద్మిని అందం ఉత్తినే రాలేదు, వెనక సీటువాళ్ల మోకాళ్ల ఖర్చుతో వచ్చింది. నాకు ఆ బేరం నచ్చింది. మా ఇంట్లో వెనక కూర్చునేవాళ్లకి నచ్చదు, అది వేరే సంగతి.

ఇక నిబంధనలకి ఏ సంబంధం లేనివి చూద్దాం. బంపర్‌లో గాలి దారి అని గీసి, దగ్గరికెళ్లి వేలు పెడితే లోపల మూసేసి ఉంటుంది. దాన్ని ఏ చట్టం పెట్టమంది? గ్రిల్లు రాక్షసుడి నోరంత ఎవరు చేయమన్నారు? ఎలక్ట్రిక్ కార్లకి ముందు గాలి అవసరమే తక్కువ, వాటికీ ఉత్తుత్తి గ్రిల్లు అతికిస్తున్నారు. ఏసీ తగ్గించాలంటే స్క్రీన్ మీద మూడు చోట్ల నొక్కాలి. ఇదైతే సేఫ్టీకి పూర్తిగా వ్యతిరేకం. యూరప్‌లో కార్ల సేఫ్టీకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2026 నుంచి కొత్త పద్ధతి పెట్టారు: ఇండికేటర్, హజార్డ్, హారన్, వైపర్, అత్యవసర కాల్, వీటికి చేతికి తగిలే బటన్ లేకపోతే పూర్తి మార్కులు రావు. అంటే సేఫ్టీ పరీక్షే ఇప్పుడు పాత పద్ధతికి రమ్మంటోంది.

హెడ్‌లైట్ తీసుకోండి. అంబాసిడర్‌కి, ఫియట్‌కి, జీపుకి ముందు ఒకటే కొలత, 7 అంగుళాల గుండ్రటి దీపం. ఏ ఊరి ఆటో స్పేర్స్ షాపులోనైనా దొరికేది. దీపం ఒకటే అయినా మూడు బండ్ల మొహాలూ వేరు! ఇప్పుడు ప్రతి మోడల్‌కీ ప్రత్యేకంగా ఎల్‌ఈడీ యూనిట్ చేస్తారు. పగిలితే మొత్తం మార్చాలి, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అంత ఖర్చు పెట్టి చేసినా అన్నీ కళ్లు చికిలించి కోపంగానే చూస్తుంటాయి.

లోపలి మిషన్ సంగతి కూడా అంతే. ఫియట్ వాళ్ల 1.3 లీటర్ డీజిల్ ఇంజన్‌ని స్విఫ్ట్‌లో పెట్టారు, ఇండికా విస్టాలో పెట్టారు, లీనియాలో పెట్టారు. సరదాగా దాన్ని జాతీయ ఇంజన్ అనేవాళ్లు. మంచి ఇంజనే, కాదనను. మారుతి బలేనో, టయోటా గ్లాంజా అయితే దాదాపు లోగో మారిన ఒకే కారు.

అంబాసిడర్ దగ్గరికి రాకుండా ఈ వీడియో పూర్తి కాదు. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని 1950ల చివర్లో కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో మొదలుపెట్టి, 2014 మే దాకా దాదాపు అదే ఆకారంలో చేశారు. మన దగ్గర కలెక్టరు గారు వచ్చారంటే తెల్ల అంబాసిడర్ వచ్చిందనే. ముందు ఒకటే పొడుగు సీటు, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన. కాబట్టి ముందు ముగ్గురు. సీటు కుర్చీ అంత ఎత్తులో ఉంటుంది, తలుపు పెద్దది. చీర కట్టుకున్న పెద్దావిడ వంగకుండా ఎక్కి కూర్చునేది. ఇప్పుడు ఆ సౌకర్యం కోసమే కదా జనం ఎస్‌యూవీలు కొంటున్నారు!

దాన్ని నడపడం ఒక విద్య. చలికాలం పొద్దున చోక్ లాగాలి, ఎంత లాగాలో ఆ బండికే తెలుసు, దాని డ్రైవర్‌కే తెలుసు. ఎండాకాలం పెట్రోల్ పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోయేది. బానెట్ లేపి, పంపు మీద తడిగుడ్డ వేసి, ఓ టీ తాగొస్తే మళ్లీ స్టార్ట్. రాడ్లు అరిగిన బండ్లలో గేరు ఇరుక్కుపోయేది. దిగి, బానెట్ లేపి, చేత్తో ఒక తట్టు తట్టాలి. ఇవన్నీ లోపాలే. బ్రోషర్‌లో రాసుకునే గొప్పలు కావు. కానీ తప్పు ఎక్కడుందో కంటికి కనపడేది, చేతికి అందేది. ఇప్పటి బండి డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం వెలిగించి ఊరుకుంటుంది. దాని అర్థం స్కానర్ పెడితేగానీ మెకానిక్‌కైనా తెలీదు.

ఈ చేతికి అందడంలో నాకు అన్నిటికంటే నచ్చిన బండి స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో 1961 నుంచి చేశారు. ఆకారం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. బానెట్, రెండు మడ్‌గార్డులు, దీపాలు, అంతా ఒకే ముక్క. అది మొత్తం ముందుకి ఒరిగి తెరుచుకుంటుంది. తెరిస్తే ఇంజన్, చక్రాలు, సస్పెన్షన్ అన్నీ ఎదురుగా. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. చాలా తక్కువ చోటులో మలుపు తిరుగుతుంది. వెనక సస్పెన్షన్ మాత్రం వేగంగా మలుపు తిప్పితే భయపెడుతుంది.

అంబాసిడర్ కంపెనీ వాళ్ల ఇంకో కారు కాంటెసా గురించి అడుగుతారని తెలుసు. చూపులకి వీరుడు. కానీ 1984లో వచ్చినప్పుడు లోపల పెట్టింది అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే. పెళ్లికొడుకు సూటు వేసుకుని సైకిల్ తొక్కినట్టుండేది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజన్ పెట్టాక ఆ ఆకారానికి న్యాయం జరిగింది.

"మీరు మెచ్చుకునేది లైసెన్స్ రాజ్‌ని సార్, వేరే కారు దొరక్కే జనం అవి కొన్నారు" అని మీలో కొందరు ఇప్పటికే అనుకుని ఉంటారు. కరెక్టే. ప్రభుత్వం లైసెన్స్ ఇచ్చిన కొద్ది కంపెనీలే కార్లు చేసే రోజులవి. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు, వచ్చిన బండిని డెలివరీ రోజే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. 1983 డిసెంబరులో మారుతి 800 రాగానే జనం అటు పరిగెత్తారు. నేనైనా పరిగెత్తేవాణ్ణే. కానీ పోటీ లేకపోవడం వల్ల బండి మారలేదే గానీ, అందంగా పుట్టింది పోటీ లేకపోవడం వల్ల కాదు. ఆ ఆకారాలన్నీ ఇటలీలో, ఇంగ్లండ్‌లో గట్టి పోటీ మధ్య గీసినవి. మనం వాటిని పట్టుకుని వదల్లేదు, అంతే.

సరే, ఇంత విన్నాక ఒకటి కొందాం అనుకునేవాళ్లకి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 నుంచి 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటితే 2025లో దాన్ని 10,000 చేశారు. ఫిట్‌నెస్, గ్రీన్ టాక్స్ వేరే. ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లు మాత్రం అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షల గొడవ చూసుకుని దిగండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉంటే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబర్‌లో వీఏ అని వస్తుంది. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. చిక్కేంటంటే, ఆ బండిని రోజూ తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోల్ పోయించడానికి, రిపేరుకి మాత్రమే. కాబట్టి ఆదివారం అలా బీచ్ దాకా వెళ్లొద్దామనుకునేవాళ్లు మామూలు రెన్యువలే చేయించుకోండి.

మొదటి బండి అయితే నేను పద్మినినే చెప్తాను. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు దాకా తిరిగింది, కాబట్టి సామాన్లు, పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. ఇంజన్ చూసి భయపడకండి, అది బాగవుతుంది. భయపడాల్సింది తుప్పుకి. కాళ్ల కింద మ్యాట్ ఎత్తి చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లి, తలుపుల కింద, చక్రాల పైన మెల్లగా ఆనించండి. అంటుకోలేదంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.