కాళ్లు వణికే దావలో

శ్రోతలందరికీ నమస్కారం.

కార్తీక మాసం దగ్గరపడిందంటే మా ప్రొద్దుటూరులో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. "అక్కా, అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే దావ శానా భయమంట గదా, నేను పోగలనా?" అని. ఈసారి అడిగింది మా ఆడబిడ్డ కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మిద్దె మీద పిట్టగోడ దగ్గర నిలబడాలన్నా ఆ పిల్లకు అరికాళ్లు జివ్వుమంటాయి. స్నేహితులంతా బయల్దేరుతున్నారు. పోవాలా వద్దా తేల్చుకోలేక, ఫోన్లో ఆ దావ వీడియోలు చూసి చూసి టెన్షన్ పెంచుకుని నా దగ్గరికి వచ్చింది.

పోగలవనీ చెప్పలేకపోయాను, పోలేవనీ చెప్పలేకపోయాను. "పోగలనా" అనే ఆ మాటలో రెండు ప్రశ్నలున్నాయి. నాకు భయమేస్తుందా అనేది ఒకటి. నాకు ప్రమాదముందా అనేది ఇంకొకటి. మనం రెండింటినీ కలిపి ముడేసేస్తాం. ఆ ముడి విప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్లలో అదే దావలో మూడుసార్లు నడిచాను.

ముందు ఆ దావ ఎట్లుంటుందో చెప్తాను. ఎగువ అహోబిలంలో దర్శనం చేసుకుని భవనాశిని ఏటి వెంబడి లోపలికి నడవాలి. నల్లమల అడవి అది. కొంతదూరం రాళ్లమీద, కొంతదూరం మెట్లమీద నడక. ఇక్కడ ఆయాసమే తప్ప భయం లేదు. పైకి పోయేకొద్దీ రెండు పక్కలా కొండలు దగ్గరికి వస్తాయి. చివరికి దావ కొండకు అతుక్కుని సాగుతుంది. ఒక పక్క తలమీదికి పడగలాగా వంగిన బండ, ఇంకో పక్క లోయ. వానలు పడిన రోజుల్లో పైనుంచి నీళ్లు తెరలాగా జారుతుంటాయి. ఆ బండ కిందనే జ్వాలా నరసింహుడు. హిరణ్యకశిపుణ్ణి స్వామి సంహరించిన చోటు ఇదేనని భక్తుల నమ్మకం. దానికీ పైన ఉగ్రస్తంభం ఉంది. ఆ ఎక్కుడు వేరే లెక్క, ఈరోజు దాని జోలికి పోను.

మొదటిసారి పోయినప్పుడు నాకు ముప్పై దాటాయి. మంచి ఎండాకాలం పొద్దు, దావ పొడిగా ఉంది. మావారు పిల్లవాణ్ణి ఎత్తుకుని ముందు పోతున్నారు. మలుపు తిరిగి లోయ కనబడగానే నా మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. మెట్టుమీద కూలబడ్డాను. వెనక జనం ఆగిపోయారు. ఎవరో పెద్దాయన, "దేవుని దగ్గరికి పోతా భయమేందమ్మా, లెయ్" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు తోస్తే లేచాను, నడిచాను, గుడి చేరాను. స్వామి రూపం ఎట్లుందో నాకు గుర్తులేదు. తిరిగి దిగడం ఎట్లా అన్న ఒక్క ఆలోచనే గుర్తుంది. దిగేటప్పుడు ఒక డోలీ మోసే అబ్బాయి నా ముందుకొచ్చి, "అమ్మా, కిందికి చూడాకు. నా మడమలు చూసి నడు" అన్నాడు. ఆ మడమలు చూస్తూనే కిందికి చేరాను. ఎన్నేళ్లయినా ఆ అబ్బాయి మాట మరిచిపోలేదు. ఆ మాట వెనక శాస్త్రం ఎంత ఉందో తర్వాత చదివి తెలుసుకున్నాను.

మనిషి కదలకుండా నిలబడ్డాననుకుంటాడు గానీ, నిజానికి ఒళ్లు అన్నివేళలా సన్నగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగడాన్ని సరిచేయడానికి ఒంట్లో మూడు చోట్లనుంచి సమాచారం అందుతుంది. లోపలి చెవి ఒకటి, పాదాలూ కీళ్లూ కండరాలూ ఒకటి, కళ్లు ఒకటి. వింటున్నవాళ్లు వీలుంటే లేచి, గోడకు దగ్గరగా ఒంటికాలిమీద నిలబడి చూడండి. కళ్లు తెరిచి ఉంటే నిలబడగలరు. కళ్లు మూసుకోగానే తూలుతారు. పెద్దవాళ్లు మాత్రం ఈ పని చేయకండి, పడతారు. దగ్గరున్న గోడ ఒళ్లు కదిలినప్పుడల్లా కంటికి కొంచెం జరిగినట్టు కనబడుతుంది. ఆ కొద్దిపాటి కదలికను బట్టే మెదడు కాళ్లను సర్దుతుంది. కొండ అంచున ఎదురుగా దగ్గరి వస్తువేదీ లేదు. అంతా దూరం, అంతా గాలి. ఒళ్లు ఊగినా కంటికి తెలియదు. అందుకని ఊగడం ఎక్కువవుతుంది, తల తిరిగినట్టవుతుంది. అంటే అక్కడ తూలడంలో పిరికితనమేమీ లేదు, కంటికి ఆసరా దొరకలేదంతే. ఆ అబ్బాయి తన మడమలు చూపించి నా కళ్లకు ఆ ఆసరా ఇచ్చాడు. గోడను ఒక్క వేలితో ఊరికే తాకి నిలబడినా ఒళ్లు ఊగడం తగ్గుతుంది. గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

లోతు చూసి జంకడం మనకు ఎంత చిన్నప్పుడే వస్తుందో అమెరికాలో ఎలియనోర్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే ఇద్దరు పరిశీలించి 1960లో ప్రచురించారు. పాకే పసిపిల్లల్ని, ఆరు నెలలనుంచి పద్నాలుగు నెలల వయసువాళ్లను, 36 మందిని తెచ్చారు. ఒక పెద్ద బల్ల, దానిమీద గట్టి అద్దం. ఒక సగంలో అద్దం కిందనే గళ్లగుడ్డ, ఇంకో సగంలో ఆ గుడ్డ బాగా కిందికి ఉండి గుంటలాగా కనబడుతుంది. తల్లి అటుపక్క నిలబడి పిలిచినా, ఆ లోతు కనబడే వైపుకు పాకినవాళ్లు ముగ్గురే. అద్దం పడనివ్వదు, అయినా కన్న తల్లి పిలుపుకంటే కంటికి కనబడ్డ లోతే బలంగా పనిచేసింది. ఇంత పాతది, ఇంత లోతైనది ఈ భయం. "భయమేందమ్మా" అని ఒక్క మాటతో పోయేది కాదు.

రెండోసారి సంగతి. అప్పటికి చాలా కొండలు ఎక్కాను. గుత్తి కోట, పెనుకొండ, యాగంటిలో అగస్త్య గుహకు పోయే నిటారు మెట్లు. కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటే ఈ భయం మెత్తబడుతుందని నా అనుభవం. మనసు వైద్యులు కూడా ఇదే దారిలో చికిత్స చేస్తారు. కార్తీకంలో అత్తమ్మను తీసుకుని పోయాను. ముందురోజు రాత్రి వాన పడింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి నాకు భయమే లేదు. లోయ చూస్తే ఆనందంగా కూడా ఉంది. కానీ బండమీద పాచి నీళ్లు తాగి మెరుస్తోంది. ఎదురుగా దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే చోట ఇరుక్కున్నారు. అత్తమ్మ మోకాళ్లు అప్పటికే లాగేస్తున్నాయి. నేను ఆగిపోయాను. "ఇంతదూరమొచ్చి ఇదేందే" అని ఆమె చాలా బాధపడింది. ఆమె బాధ నాకు ఇప్పటికీ మనసులో ఉంది. అయినా మళ్లీ అదే రోజు వస్తే మళ్లీ వెనక్కే తిప్పుకొస్తాను.

చూడండి, మొదటిసారి దావ పొడిగా ఉంది, జనం తక్కువ, నేను చచ్చేంత భయపడ్డాను. రెండోసారి భయం లేదు, ప్రమాదం మాత్రం కళ్లముందే ఉంది. భయాన్ని బట్టే నిర్ణయం తీసుకుని ఉంటే రెండుసార్లూ తప్పే చేసేదాన్ని.

అందుకని ఈ ఏడు మా ఆడబిడ్డ కూతురు అడిగినప్పుడు, అహోబిలంకంటే ముందు ఒక ఆదివారం గండికోటకు తీసుకుపోయాను. పెన్నానది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ మైలవరం వైపు పోయే ఆ లోయ మీలో చాలామంది చూసే ఉంటారు. అంచున చాలాచోట్ల గోడ లేదు, కమ్మీ లేదు. ఎర్రటి బండలు దొంతర్లుగా పేర్చినట్టుంటాయి. ఆ పేర్పులో చీలికలు. అంచున ఉన్న బండ కొండలో భాగమా, ఊరికే ఆనుకుని ఉందా పైనుంచి చూసి చెప్పలేం. కానీ ఆ బండలు వెడల్పు. ఇంటి వసారాలో నిలబడ్డంత ధీమాగా ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు కొసన కూర్చుని, కాళ్లు లోయలోకి వేలాడేసి సెల్ఫీ తీసుకుంటున్నారు. ఒకడు ఫోన్ చూసుకుంటూనే వెనక్కి అడుగేశాడు. నా గుండె ఆగినంత పనైంది. వాళ్ల తల్లుల తరఫున అడుగుతున్నాను, పిల్లలూ, దయచేసి ఆ పని చేయకండి. ఇరుకు దావలో మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తాడు. వెడల్పాటి బండమీదే మరిచిపోతాడు.

ఆ పిల్ల అంచుకు పది అడుగుల ఇవతలే కూర్చుండిపోయింది. నేను రమ్మనలేదు. అక్కడే కూర్చుని మాట్లాడుకున్నాం. దావ వెడల్పు గురించి అడిగింది. ఇంట్లో నాపరాళ్ల మధ్య గీత వెంబడి తూలకుండా నడుస్తావు గదా, నడవడానికి మనిషికి అడుగున్నర వెడల్పు చాలు అన్నాను. తెలుసుకోవలసింది వేరే ఉంది. అక్కడ కాలు జారితే ఏమవుతుంది? మోకాలు గీరుకుంటుందా, లోయలోకి పోతామా? ఆ చోట కమ్మీ ఉందా, ఉంటే గట్టిగా ఉందా? నేల కొండవైపు వాలిందా, లోయవైపు వాలిందా? కాలికింద బండా, జారే గులకరాళ్లా? ఎదురొచ్చేవాళ్లకు తప్పుకునే చోటుందా? తప్పుకోవలసివస్తే నువ్వు కొండవైపే నిలబడు, ఎంత తొందరలో ఉన్నా లోయవైపు జరగవద్దు. అన్నిటికంటే ముందు, ఎక్కింది దిగగలవా? ఎక్కేటప్పుడు కళ్లముందు కొండ ఉంటుంది. దిగేటప్పుడు కళ్లముందు లోయ ఉంటుంది, తొడలు అలిసి ఉంటాయి. నన్ను మొదటిసారి ఏడిపించింది దిగుడే.

స్పెయిన్ దేశపు సంగతి ఒకటి చెప్పాను ఆ పిల్లకు. మలగా ప్రాంతంలో ఒక లోయ గోడకు అతికించినట్టు, నదికి సుమారు 100 మీటర్ల ఎత్తున మీటరు వెడల్పు బాట ఉంది. కమినీతో దెల్ రే అంటారు, అంటే రాజుగారి చిన్నబాట. 1905 నాటికి కట్టింది. కాలంతో కాంక్రీటు రాలిపోయి, చాలాచోట్ల ఇనుప దూలాలు మాత్రమే మిగిలాయి. 1999, 2000లలో మనుషులు పడి చనిపోయాక మూసేశారు. కొత్త పలకలు, కమ్మీలు వేసి 2015లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు తలకు హెల్మెట్ పెట్టుకుని మామూలు జనం నడుస్తున్నారు. లోయ అదే, ఎత్తు అదే, చూస్తే పుట్టే భయమూ అదే అయ్యుంటుంది. మారింది ప్రమాదం.

"మరి వీడియోల్లో చూస్తే?" అంది. వీడియో చూసి తేల్చుకోవద్దు. తీసేవాడు కెమెరా లోయలోకి వంచితే పిల్లబాట కూడా పాతాళం అంచులా కనబడుతుంది. నిన్నో మొన్నో పోయొచ్చిన మనిషిని అడుగు, వానపడిందా అడుగు. డోలీ మోసేవాళ్లకంటే ఆ దావ తెలిసినవాళ్లు లేరు, వాళ్లనడుగు. చెవి జబ్బుతో తల తిరిగేవాళ్లు, బీపీ మందులకు కళ్లు తిరిగేవాళ్లు అయితే డాక్టర్ని అడగాలి. ఇంకొక ఒప్పందం చేసుకున్నాం. "చాలు" అని ఎవరు అన్నా చాలు. ఎందుకని ఎవరూ అడగకూడదు.

పోయినవారం పోయాం. వాన లేదు, పొద్దున్నే బయల్దేరాం, జనం పల్చగా ఉన్నారు. మలుపు ముందర ఆ పిల్ల వీపు బండకానించి నిలబడింది. ముఖం తెల్లబడింది. నెమ్మదిగా ఊపిరి వదలమన్నాను, ఎదురుగా ఉన్న రాయిలో గీతల్ని చూడమన్నాను. రెండు నిమిషాలకు వణుకు తగ్గింది. కాళ్లు మాట వింటున్నాయా అని అడిగాను. వింటున్నాయంది. ఇంకో నాలుగడుగులు వేసి ఆగింది.

"అత్తా, చాలు" అంది.

గుడి ఇంకెంతో దూరం లేదు. ఇంత దగ్గరికొచ్చి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట నన్ను లేపిన మాటలాంటిదే అది. మింగేశాను. స్నేహితులు ముందుకు పోయారు. మేమిద్దరం వెనక్కి దిగి, వంక పక్కన వెడల్పాటి బండమీద కూర్చున్నాం. కోతులు రాకుండా కర్ర పక్కన పెట్టుకుని, తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నాం. ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని చాలాసేపు పైకి చూస్తూ ఉంది.

తర్వాత లేచి చేతులు తుడుచుకుని, "ఆ మలుపుదాకా ఇంకోసారి పోయొస్తానత్తా. నువ్వు రావొద్దు, ఇక్కడే కనబడేటట్టు కూర్చో" అంది. కుడిచేతి వేళ్లతో బండను తాకుతూ పోయింది. మలుపు దగ్గర ఆగింది. పైనుంచి దిగుతున్న ఒక కుటుంబం తనను దాటేదాకా కొండవైపు ఒదిగి నిలబడింది. ఆ తర్వాత మెల్లగా తల తిప్పింది.

వచ్చాక నా పక్కన కూర్చుని చెప్పింది. "కిందికి చూశానత్తా. వంక కనబడింది. నువ్వు కూర్చున్న బండ కూడా కనబడింది."