డిజైన్ అయిపోయాక పిలిస్తే జనం ఏం చెప్పాలి? సియాటెల్ జాతి సమానత్వ ప్రయత్నంపై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. జాతి సమానత్వం పేరుతో అమెరికా నగరాలు చేస్తున్న పనుల మీద ఫెడరల్ ప్రభుత్వం 2025 జనవరి నుంచి కత్తికట్టింది. గ్రాంటు కావాలంటే అలాంటివేవీ చట్టవిరుద్ధంగా నడపడం లేదని రాసిమ్మంటోంది. 2004లోనే ఈ దారి పట్టిన సియాటెల్ ఇప్పుడు వెనక్కి తగ్గాలా? 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించిందీ ఆ నగరమే. అంటే గురి మన తెలుగువాళ్ల మీదేనా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. మేడం, మీరు మొదలుపెట్టండి.

ప్లానర్: కులం సంగతికి వస్తాను, ముందు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. సియాటెల్ చేతిలో ఉన్నది ఒక ఫారం, 'రేషియల్ ఈక్విటీ టూల్‌కిట్', అంటే ఏ పనైనా ఏ జాతివాళ్ల మీద ఎలా పడుతుందో నగర శాఖలు చూసుకునే పద్ధతి. ఆరు అంచెలు. ఏం సాధించాలో ముందు రాయాలి. ప్రభావం పడేవాళ్లను పిలిచి మాట్లాడాలి, లెక్కలు చూడాలి. లాభం ఎవరికో, భారం ఎవరికో తేల్చాలి. హాని తగ్గించే దారి వెతకాలి. అమలు ఎలా ఉందో కొలవాలి. చివర నివేదిక ఇవ్వాలి. ఇందులో చెడేది రెండో అంచె. రోడ్డు డిజైన్ 30 శాతం దాటాక మురుగు పైపులు, కరెంటు స్తంభాలు, భూసేకరణ దాదాపు ఖాయమైపోతాయి. 60 శాతం దగ్గర జనాన్ని పిలిస్తే వాళ్లు మార్చగలిగేది బెంచీలు, చెట్లు మాత్రమే. అయినా ఫారంలో 'సంప్రదించాం' అని టిక్కు పడుతుంది.

లాయర్: అది పాలనా లోపం. నేను చట్టం గురించి...

ప్లానర్: పూర్తి చేయనివ్వండి సర్. ఈ ఫారం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. ఇల్లు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు జాతి చూడొద్దన్న చట్టాన్ని 1964లో సియాటెల్ ఓటర్లే ఓడించారు. 1968లో కానీ అది రాలేదు. అప్పటిదాకా నల్లజాతివాళ్లను సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే ఒక్క పేటలోనే కుక్కిపెట్టారు. 1970ల్లో అక్కడ వాళ్లు 70 శాతం పైమాటే, ఇప్పుడు 20 శాతం లోపే. రియల్ ఎస్టేట్ ధరలు పెరిగి జనం చెల్లాచెదురయ్యాక సభ పెడితే ఎవరొస్తారు?

యాంకర్: సరే, కుల చట్టం...

లాయర్: ఒక్క నిమిషం. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో 1998 నుంచి 'ఐ-200' అనే, ఓటర్లే తెచ్చిన చట్టం ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో, చదువుల్లో, కాంట్రాక్టుల్లో జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వకూడదు. అందుకే సియాటెల్ 2015 'ప్రయారిటీ హైర్' చట్టంలో జాతి మాట ఎత్తకుండా పిన్‌కోడ్‌లను పట్టుకుంది. 50 లక్షల డాలర్లు, ఆపైన ఖర్చయ్యే నగర నిర్మాణాల్లో, పేదరికం, నిరుద్యోగం, డిగ్రీ లేనివాళ్లు ఎక్కువున్న ప్రాంతాల కార్మికులకు పని. ఇది కోర్టులో నిలబడుతుంది. ఇప్పుడు గ్రాంటు పత్రం మీద సంతకం పెట్టి, తర్వాత తెలిసే తప్పు రాశారని తేలితే, ప్రభుత్వ డబ్బు కోసం అబద్ధం చెప్పేవాళ్ల మీద పెట్టే 'ఫాల్స్ క్లెయిమ్స్' చట్టం కింద నష్టానికి మూడు రెట్లు కట్టాలి. ఏ నగరం ఆ ప్రమాదం...

ప్లానర్: అందుకే కదా సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ, మరికొన్ని స్థానిక ప్రభుత్వాలు 2025 మేలో కోర్టుకెక్కాయి! జడ్జి ఆ షరతులను తాత్కాలికంగా ఆపారు.

లాయర్: తాత్కాలికంగా! ఆ మాట మర్చిపోకండి.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒకరి తర్వాత ఒకరు, ప్లీజ్. మన ప్రేక్షకులకు కావాల్సింది: కుల చట్టం మన వాళ్లను అనుమానంగా చూసేలా చేసిందా, లేదా?

కార్యకర్త: లేదండీ. నగర కౌన్సిల్‌లో ఆరుగురు ఔనన్నారు, ఒకరు కాదన్నారు. జాతి, మతం, లింగం ఉన్న జాబితాలో కులాన్ని చేర్చారు, అంతే. ఉద్యోగం, ఇల్లు, బహిరంగ స్థలాల్లో వివక్ష ఎదురైతే సివిల్ రైట్స్ ఆఫీసుకు ఫిర్యాదు చేయొచ్చు. నాకు అంతకంటే ముఖ్యమైంది, సభకు మనుషులు ఎలా వస్తారన్నది. సాయంత్రం ఆరింటికి పెడితే రెండో షిఫ్టు వాళ్లు రాలేరు. మాట్లాడటానికి రెండు నిమిషాలిస్తారు. అనువాదకుడు వాక్యం వాక్యం చెబితే ఒక నిమిషమే మిగులుతుంది, అందుకని వాళ్లకు రెట్టింపు సమయం...

యాంకర్: అనువాదం అన్నారు కాబట్టి, కింగ్ కౌంటీ బ్యాలెట్లు తెలుగులో ఎందుకు లేవు? ఇది వివక్ష కాదా?

ప్లానర్: కాదు. ఓటింగ్ హక్కుల చట్టం 203వ సెక్షన్ చూడండి. కౌంటీలో ఆ భాష మాట్లాడే, ఇంగ్లీషు సరిగా రాని, ఓటు వయసున్న పౌరులు 10 వేలకు పైగానో, 5 శాతానికి పైగానో ఉంటేనే ఆ భాషలో బ్యాలెట్ తప్పనిసరి. మన వాళ్లలో చాలామంది హెచ్-1బి మీద ఉన్నారు, పౌరులే కారు. పైగా చాలామందికి ఇంగ్లీషు వచ్చు. చైనీస్, వియత్నామీస్ చట్టం కింద వచ్చాయి. సోమాలీ, రష్యన్ లాంటివి కౌంటీ తనంతట తాను చేర్చింది. ఇక మళ్లీ అసలు విషయం...

లాయర్: నేనింకా ఐ-200 గురించి పూర్తి చేయలేదు.

ప్లానర్: ...అసలు విషయం, నగరం ఎవరి మాట వింటుందన్నది. 2016లో మేయర్ ఎడ్ మర్రీ 13 డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లతో, అంటే పేటల తరఫున నగరానికి సలహాలిచ్చే పౌర బృందాలతో, నగరానికున్న అధికారిక సంబంధం తెంచేశారు. అక్కడికి వచ్చేది ఎక్కువగా వయసు మళ్లిన తెల్ల ఇంటి యజమానులు. నగరంలో సగానికి పైగా అద్దె ఇళ్లలో ఉంటారు. వాళ్ల గొంతు అక్కడ లేదు. బదులుగా, జనాన్ని ఎలా కలుపుకోవాలో సలహా ఇచ్చే కమ్యూనిటీ ఇన్వాల్వ్‌మెంట్ కమిషన్ పెట్టారు. మంచి పనే.

లాయర్: దశాబ్దాలుగా వస్తున్న పౌరులను పక్కనపెట్టడం మంచి పనా?

ప్లానర్: వచ్చిన వాళ్లనే వింటూ పోతే రానివాళ్ల సంగతేంటి? మళ్లీ చెబుతున్నాను, 30 శాతం డ్రాయింగులకు ముందే పిలవాలి. డబ్బు కేటాయించే ముందే. 2020లో జనమే ఖర్చు నిర్ణయించేలా సుమారు 3 కోట్ల డాలర్లు పక్కనపెట్టారు. ఓటింగ్ జరిగింది 2023లో! పరిశోధనకు వేరే ఒప్పందం, ఏ శాఖ నడపాలన్న పేచీ, తర్వాత నడిపే సంస్థ కోసం వెతుకులాట. మూడేళ్లు.

కార్యకర్త: అక్కడే నేను చెప్పేది. నగరానికి కమ్యూనిటీ లైజన్లు, అంటే తమ వాళ్లకూ నగరానికీ మధ్య వారధిగా ఉండేవాళ్లు ఉన్నారు, వాళ్ల సమయానికి డబ్బిస్తారు. సభకు వచ్చేవాళ్లకూ ఇవ్వాలి. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, భోజనం ఉండాలి. ప్రభుత్వ సాయం పొందేవాళ్లు నగదు ఆదాయంగా లెక్కకొస్తుందని భయపడతారు, అందుకే ముందుగా...

ప్లానర్: ఒప్పుకుంటాను, కానీ డిజైన్ ఖాయమయ్యాక భోజనం పెట్టి పిలిచినా...

యాంకర్: మేడం చెప్పినదాంట్లో బలం ఉంది. చివరిగా ఒకే ప్రశ్న, ఔనా కాదా: కుల చట్టం తర్వాత మన వాళ్లు...

లాయర్: నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. షరతులను ఆపిన ఆ జడ్జి ఆదేశం పైకోర్టులో నిలవకపోతే గ్రాంటు డబ్బు ఎవరు తిరిగి కడతారు?

ప్లానర్: దానికి ముందు, రెండో అంచెను డిజైన్ ఒప్పందంలోనే షరతుగా రాయాలి. కన్సల్టెంట్‌కు మొదటి బిల్లు చెల్లించే ముందే జనం చెప్పిందేంటో, దానివల్ల డ్రాయింగుల్లో ఏం మారిందో...

యాంకర్: సమయం అయిపోయింది. విరామం తర్వాత వార్తలు.

కార్యకర్త: నగదు సంగతి నేనింకా...

(మైకులు కట్ అయ్యాయి)